జేబులో ఇమిడే బేటరీ లైటు

మా వైపు పెద్దవాళ్లు టార్చిని ఇప్పటికీ ‘బేటరీ లైటు’ అనే అంటారు. నా చిన్నతనంలో అది ఇంటికి ఒకటే ఉండేది. గుమ్మం పక్కన మేకుకు వేలాడే మూడు సెల్లుల రేకు లైటును, రాత్రి ఎవరు బయటికి వెళ్లవలసి వచ్చినా వారు తీసుకుని, తిరిగి వచ్చాక ఆ మేకుకే తగిలించేవారు. ఇప్పుడు నా ఇల్లు ఒకచోట, కొబ్బరితోట వెనుక ఉన్న రొయ్యల చెరువు మరొకచోట. నడుమ అర కిలోమీటరు పుంత, ఆ తరువాత ఒక మనిషి మాత్రమే నడవగల బోదె గట్టు ఉన్నాయి. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గే వేళకు నీటిలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడవలసిందే కాబట్టి, లైటు మేకుకు కాక నా జేబులో ఉండక తప్పదు. ఫోన్ వెలుగు చాలదా అని కొందరు అడిగారు. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేను ఎత్తిన తడి చేతితో ఫోన్ పట్టుకుని, దానిని చెరువుకు సమర్పించుకున్న మరునాటి నుంచి నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం మానేశాను.

మొదటిసారి నేను కొన్న లైటు నన్ను మోసం చేసింది. పెట్టె మీద వెలుగు పదివేల ల్యూమెన్‌లనీ, లోపలి సెల్లు మీద సామర్థ్యం 9,900 ఎంఏహెచ్ అనీ రాసి ఉన్నాయి. అది వేలంత సెల్లు, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది కాబట్టి దానిని 18650 అంటారు. నికార్సయిన 18650 సామర్థ్యం సాధారణంగా 2,500 నుంచి 3,500 ఎంఏహెచ్ మధ్య ఉంటుంది. అంటే అందులో ఉండే శక్తి పది, పన్నెండు వాట్-అవర్లు. మంచి ఎల్‌ఈడీ లైటు ఒక్కో వాటుకు సుమారు వంద ల్యూమెన్‌లు ఇస్తుందనుకుంటే, పదివేల ల్యూమెన్‌లకు వంద వాట్లు కావాలి. రేడియో మరమ్మతు చేసేవారి సోల్డరింగ్ ఐరనే 25 వాట్లు ఉంటుందని గుర్తు చేసుకుంటే, ఆ పెట్టె మీది అంకెకు చేతిలో పట్టుకునే యోగ్యత లేదని తెలిసిపోతుంది. ఈ లెక్క నాకు ముందే వచ్చి ఉంటే, ఇంటికీ చెరువు దగ్గరి మకాముకూ సరిగ్గా మధ్యలో, బోదె గట్టు మీద చీకట్లో నిలబడి ఆ లైటును అరచేతికేసి కొట్టుకునే అవస్థ తప్పేది.

ల్యూమెన్ అనేది లైటు నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుగు. అది ఎంత దూరం పోతుందో చెప్పేది క్యాండెలా. ఈ రెంటి తేడా తెలియకనే చాలామంది నిరాశపడతారు. వంద ల్యూమెన్‌లనే పెద్ద అద్దంతో ఒకచోటికి కూడదీస్తే అవతలి గట్టు మీది మోటారు షెడ్డు కనిపిస్తుంది, చిన్న అద్దంతో పరిస్తే కాళ్ల ముందున్న బాట అంతా కనిపిస్తుంది. పేరున్న తయారీదార్లు పాటించే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం, పెట్టె మీద 200 మీటర్లని ఉంటే, ఆ దూరంలో పడే వెలుగు పావు లక్స్, అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెల పాటిది మాత్రమే. ఆ దూరాన్ని రెట్టింపు చేయాలంటే క్యాండెలా నాలుగింతలు కావాలి. జేబు లైటుకు నా అవసరం మహా అయితే ముప్పై మీటర్లు కాబట్టి నేను ఈ పందెంలో దిగలేదు.

దుకాణంలో అందరూ అడిగేది ఎంత ఎక్కువ వెలుగు వస్తుందని. నేను ఇప్పుడు అడిగేది ఎంత తక్కువకు దిగుతుందని. వేళ కాని వేళ నిద్ర లేచినవాడి కంటికి ఒక్క ల్యూమెన్ చాలు, ఇంట్లో నిద్రపోయేవారి మీద వెలుగు పడకుండా చెప్పులు వెతుక్కోవచ్చు. చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి కంటికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, మూడు వందల ల్యూమెన్‌లు ఒక్కసారి కళ్లలో పడితే ఆ అలవాటంతా క్షణంలో పోతుంది. వానాకాలంలో మరో బాధ ఉంది. లైటు ఎంత ప్రకాశంగా ఉంటే అన్ని పురుగులు ముఖం మీదికి వస్తాయి. అందుచేత మీట నొక్కగానే అడుగు స్థాయి నుంచి మొదలయ్యే లైటునే ఎంచుకోవాలని నా అభిప్రాయం. నొక్కిన ప్రతిసారీ టపటపా కొట్టుకునే వెలుగూ, ఆపద సంకేతమూ వరుసలో వచ్చే లైట్లు కొన్ని ఉన్నాయి. వాటిని ఎవరి కోసం చేస్తారో నాకు అంతుపట్టలేదు.

వెలుగు ఎంత అనేదాని కంటే ఎటువంటిది అనేదే ముఖ్యమని నాకు నేర్పినది ఒక రక్తపింజరి. చౌక లైట్లలో చాలావరకు, వెలుగు రంగును కొలిచే కెల్విన్ లెక్కలో 6,500 దగ్గరుండే నీలి తెలుపు వెలుగు వస్తుంది. ఆ వెలుగులో ఎండిన కొబ్బరిమట్ట, తడిమట్టి, రాలిన ఆకు అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఒక రాత్రి పుంతలో అడ్డంగా పడి ఉన్న మట్ట పక్కన అడుగు వేయబోతుండగా కుక్కరు ఆవిరి వదిలినట్లు బుస వినిపించి ఆగిపోయాను. అప్పటికి నా చేతిలో ఉన్నది అటువంటి లైటే. పాము ఎక్కడుందో కంటికి ఆనడానికి చాలాసేపు పట్టింది, కనిపించాక చూస్తే అది మట్టకు జానెడు దూరంలోనే చుట్ట చుట్టుకుని ఉంది. తరువాత కొన్న లైటులో 4,500 కెల్విన్ ఎల్‌ఈడీ ఉంది, రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ 90కి పైనే ఉంది. మరో రాత్రి దీనితో అదే జాతి పామును చూశాను. గోధుమ రంగు వీపు మీద నల్లటి అంచులతో గొలుసులా సాగిన మచ్చలు పది అడుగుల నుంచే విడివిడిగా కనిపించాయి. ఈ రకం ఎల్‌ఈడీ అదే విద్యుత్తుకు కాస్త తక్కువ వెలుగు ఇస్తుందన్నది నిజమే, ఆ నష్టాన్ని నేను సంతోషంగా భరిస్తాను. ఇందులోని ఎల్‌ఈడీ చేసినది జపాన్‌లోని నిచియా సంస్థ. ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని నకమురా షూజీ 1990ల తొలినాళ్లలో తయారుచేసినది అక్కడే. ఆ నీలి వెలుగు మీద పసుపు ఫాస్ఫర్ పూత వేయడంతోనే తెల్ల వెలుగు సాధ్యమైంది. అకసాకి, అమానోలతో పాటు ఆయనకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇక సెల్లు సంగతి. శక్తిలో 18650కి సాటి లేదు, కానీ అది పట్టే లైటు చొక్కా జేబును కిందికి లాగుతుంది. పెన్సిల్ సెల్లంటే మనకు తెలిసిన ఏఏ, 14 మిల్లీమీటర్ల పైచిలుకు మందం, 50 మిల్లీమీటర్ల పొడవు. నేను దానివైపే మొగ్గడానికి కారణం 1996. ఆ నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టం చేసినప్పుడు, మా ఊరికి కరెంటు తిరిగి రావడానికి వారాలు పట్టింది. అటువంటి రోజుల్లో యూఎస్‌బీ తీగతో మాత్రమే ఛార్జి అయ్యే లైటు ఎందుకూ కొరగాదు, పెన్సిల్ సెల్లు మాత్రం మూల మీది కిరాణా కొట్టులో దొరుకుతుంది. మామూలు రోజుల్లో నేను ఛార్జి చేసుకునే నికెల్ సెల్లు వాడతాను. దానితో అరవై డెబ్బై ల్యూమెన్‌ల వెలుగు రెండు గంటలకు పైగా వస్తుంది. అదే ఆకారంలో 14500 అనే లిథియం సెల్లు కూడా ఉంది. అది నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు కాబట్టి, పడుతుంది కదా అని దానిని 1.5 వోల్టుల లైటులో వేస్తే లైటు కాలిపోవచ్చు. రెండింటికీ పనికివస్తుందని తయారీదారు చెప్పిన లైటులో మాత్రమే వేయాలి. వాడకుండా పెట్టెలో పడేసే లైటులో ఆల్కలైన్ సెల్లు ఉంచకూడదు. అది కారి స్ప్రింగును తినేస్తుంది.

నీటి విషయంలో, లైటు తడిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు ఐపీఎక్స్8 అని ఉంటే మంచిది, ఐపీఎక్స్7 అయినా మీటరు లోతులో అరగంట ఓర్చుకుంటుంది. అయితే సముద్రపు గాలి తగిలే మా లంకల్లో నీటి కంటే ఉప్పు ఎక్కువ శత్రువు. రెండు నెలలకొకసారి వెనుక మూత విప్పి, మరలను పాత బనియను గుడ్డతో తుడిచి, రబ్బరు రింగుకు కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తాను. ఛార్జింగు రంధ్రం లేని లైటు కొన్నందుకు నేను సంతోషించేది ఆ పని చేసేటప్పుడే.

జేబులో లైటు దానంతటదే వెలగకుండా చూసుకోవడం మరొక పని. పక్క మీట ఉన్న ఒక లైటు, అమలాపురం నుంచి రావులపాలెం వెళ్తున్న బస్సులో నా ప్యాంటు జేబులో వెలిగి, తొడ చురుక్కుమనేదాకా ఊరుకోలేదు. అప్పటినుంచి బస్సు ఎక్కేముందు వెనుక మూతను పావు చుట్టు వదులు చేస్తున్నాను. పై పూత వేసిన మరల గుండా విద్యుత్తు పోదు కాబట్టి, అంతటితో లైటు పూర్తిగా ఆగిపోతుంది.

లైటును జేబుకు తగిలించే కొక్కెం మాత్రం గట్టిదై ఉండాలి. ఈ లైటును మొదటిసారి చూసినప్పుడు మా బాబాయి, “ఈ చుట్టంత దానికి అంత డబ్బెట్టావా అబ్బాయ్?” అన్నారు. వారం తరువాత ఒక రాత్రి అడిగి పట్టుకెళ్లారు, మరునాడు తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడది ఆయన బనియను మెడకు, కొక్కెంతో తలకిందులుగా వేలాడుతూ, ఆయన నడిచే దారిని కాళ్ల దాకా వెలిగిస్తుంది. నేను అటువంటిదే మరొకటి తెప్పించుకున్నాను.