ఫుట్‌బాలర్‌కు ఏ1, మనకు బీ2: యూకే వర్క్ వీసా ఇంగ్లిష్ పరీక్షకు ప్రిపరేషన్

యూకే వర్క్ వీసా కోసం ఇంగ్లిష్ పరీక్ష రాయబోయేవాళ్లు చాలామంది ముందు కోచింగ్‌లో చేరతారు, ఆ తర్వాత 'ఇంతకీ నాకు ఎంత స్కోరు కావాలి?' అని అడుగుతారు. ఈ వరుసను తిరగెయ్యండి. బ్రిటన్‌లో వలస వచ్చేవాళ్లందరికీ ఒకే ఇంగ్లిష్ నిబంధన లేదు. మీ వీసా రూట్ ఏదో తేలితే లెవెల్ తేలుతుంది, లెవెల్ తేలితే ఏ పరీక్ష రాయాలో తెలుస్తుంది. పుస్తకం పట్టడం ఆ తర్వాతి పని.

ఈ తేడా ఎంతుందో తెలియాలంటే ఫుట్‌బాల్ వైపు చూడండి. ప్రీమియర్ లీగ్ క్లబ్‌లో ఆడటానికి వచ్చే విదేశీ ఆటగాడికి ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పర్సన్ అని వేరే రూట్ ఉంది. 2021 అక్టోబరులో మొదలైంది. ఫుట్‌బాల్ అసోసియేషన్ ఎండార్స్‌మెంట్, క్లబ్ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఉంటే ఇంగ్లిష్‌లో ఏ1 చాలు. 12 నెలలు, అంతకు లోపు ఉండేందుకైతే అది కూడా అడగరు. కోచ్‌లకూ ఇదే నిబంధన. ఏ1 అంటే భాష ఎంత వచ్చో కొలిచే యూరప్ ప్రమాణం సీఈఎఫ్ఆర్‌లోని ఆరు మెట్లలో మొట్టమొదటిది (బీ1 మూడోది, బీ2 నాలుగోది): పేరు, ఉండే చోటు చెప్పుకోగలగడం, ఎదుటివాళ్లు నెమ్మదిగా మాట్లాడితే అర్థం చేసుకోవడం, చిన్న ఫారం నింపగలగడం.

2020 చివరిదాకా యూరోపియన్ యూనియన్ ఆటగాళ్లకు వీసాయే అక్కర్లేదు కాబట్టి ఇంగ్లిష్ ప్రశ్నే లేదు. బ్రెగ్జిట్ తర్వాత స్పెయిన్‌వాడైనా, బ్రెజిల్‌వాడైనా ఒకే వరుసలో నిలబడాలి. మినహాయింపు ఉన్నది ఎక్కువమంది ఇంగ్లిష్ మాట్లాడే దేశాలని హోం ఆఫీస్ (వీసాలు చూసే బ్రిటన్ ప్రభుత్వ శాఖ) గుర్తించిన జాబితాకే. జమైకా, ట్రినిడాడ్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, మాల్టా పౌరులు అందులో ఉన్నారు. ఇంగ్లిష్ అధికార భాషే అయినా నైజీరియా లేదు. మన దేశమూ లేదు. అంటే 'ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే కదా' అన్న వాదన అక్కడ పనికిరాదు.

ఇక మనలో ఎక్కువమంది వెళ్లే స్కిల్డ్ వర్కర్ రూట్. ఇందులో 2026 జనవరి 7 దాకా కొత్తగా దరఖాస్తు చేసేవాళ్లకు బీ1 సరిపోయేది. జనవరి 8 నుంచి బీ2 చేశారు. ఐఈఎల్‌టీఎస్ భాషలో చెప్పాలంటే ఒక్కో విభాగంలో 4.0 ఉన్నది 5.5కి పెరిగింది. పాత వీడియోలు, పాత నోట్స్ చూసి '4 వస్తే చాలు' అనుకుంటున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఏ మెటీరియల్ తెరిచినా ముందు తేదీ చూడండి.

కోట్లు సంపాదించే ఆటగాడికి ఏ1, ఆఫీసులో కూర్చునే ఇంజనీర్‌కు బీ2 ఏమిటన్న ప్రశ్న సహజం. క్లబ్‌కు డబ్బుంది, దుబాసీని పెట్టుకుంటుంది. లీడ్స్ యునైటెడ్ మేనేజర్‌గా ఉన్న 2018–22 మధ్య మార్సెలో బియెల్సా ప్రెస్‌మీట్లలో ఎక్కువగా అనువాదకుడి ద్వారానే మాట్లాడాడు. ఆస్పత్రిలో ఫోన్ ఎత్తే ఫార్మసిస్ట్‌కూ, సైట్‌లో భద్రతా సూచనలు చెప్పే ఇంజనీర్‌కూ పక్కన ఎవరూ ఉండరు. నిబంధన ఎక్కువ తక్కువల మాట అటుంచితే, పనికి బీ2 నిజంగానే కావాలి.

డబ్బు కట్టేముందు ఇంకో రెండు విషయాలు. ఒకటి, కేర్ వర్కర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడాన్ని 2025 జులై 22 నుంచి ఆపేశారు. అదే రోజు నుంచి స్కిల్డ్ వర్కర్ రూట్‌లో చాలా ఉద్యోగాలకు స్థాయిని డిగ్రీకి పెంచారు. 'ముందు పరీక్ష పాసవ్వండి, కేర్ హోం ఆఫర్ మేం చూస్తాం' అని ఏజెంట్ అంటే అక్కడే ఆగిపోండి. రెండోది, మీకు అసలు పరీక్ష అవసరమా అన్నది. డిగ్రీ పూర్తిగా ఇంగ్లిష్‌లో చదివినవాళ్లు ఎక్టిస్ అనే సంస్థ నుంచి ధ్రువీకరణ తెచ్చుకోవచ్చు. మీ డిగ్రీ బ్రిటన్ బ్యాచిలర్స్ స్థాయికి సమానమనీ, బోధన ఇంగ్లిష్‌లోనే జరిగిందనీ అది తేల్చాలి. దీనికి యూనివర్సిటీ నుంచి బోధనా మాధ్యమం లెటర్ కావాల్సి రావచ్చు, అది చేతికి రావడమే అసలు ఆలస్యం. బీటెక్ వాళ్లు చాలామందికి ఈ దారి ఉందని తెలియక పరీక్ష రాస్తుంటారు. ఆఫర్ తేదీ దగ్గర్లో ఉంటే మాత్రం పరీక్షే త్వరగా తెమిలే పని.

నర్సులు, డాక్టర్లు, డెంటిస్టులు, మిడ్‌వైఫ్‌ల లెక్క వేరు. తమ రెగ్యులేటర్ (వృత్తిలో రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ) ఒప్పుకునే ఇంగ్లిష్ పరీక్ష పాసైతే వీసాకు మళ్లీ నిరూపించక్కర్లేదు. కాకపోతే రెగ్యులేటర్ అడిగేది వీసాకన్నా చాలా ఎక్కువ. నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్‌కు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ 7.0, రైటింగ్ 6.5 కావాలి. వైద్యరంగం వాళ్లకోసమే ఉన్న ఓఈటీ పరీక్ష రాస్తే మొదటి మూడింటిలో 350, రైటింగ్‌లో 300. నర్సులకు ఓఈటీయే మేలని మా అభిప్రాయం. రైటింగ్‌లో కేస్ నోట్స్ చూసి రెఫరల్ లెటర్ రాయాలి, స్పీకింగ్‌లో పేషెంట్‌తో రోల్‌ప్లేలు చెయ్యాలి. రోజూ చేసే పనే. ఓఈటీ రైటింగ్‌లో దెబ్బతినేది ఎక్కడంటే, నోట్స్‌లో ఉన్నదంతా లెటర్‌లోకి ఎక్కించడం దగ్గర. లెటర్ ఎవరికి వెళ్తోందో వాళ్లకు అక్కర్లేని పాత హిస్టరీని వదిలెయ్యడమే అక్కడ పరీక్ష. 180 నుంచి 200 పదాల్లో ముగించాలి.

మిగతావాళ్లు రాయాల్సింది హోం ఆఫీస్ ఆమోదించిన సెల్ట్ (సెక్యూర్ ఇంగ్లిష్ లాంగ్వేజ్ టెస్ట్) పరీక్ష. భారత్‌లో ఉండి రాసేవాళ్లకు ఐఈఎల్‌టీఎస్ ఫర్ యూకేవీఐ, పీటీఈ అకడమిక్ యూకేవీఐ, లాంగ్వేజ్‌సర్ట్ లాంటివి ఉన్నాయి. యూకేవీఐ అంటే యూకే వీసాస్ అండ్ ఇమిగ్రేషన్, హోం ఆఫీస్‌లోని వీసా విభాగం. ట్రినిటీ కాలేజ్ పరీక్ష బ్రిటన్‌లో ఉన్నవాళ్లకే. పీటీఈలో బీ2 అంటే ఒక్కో విభాగంలో 59. ఇక్కడ అందరికంటే ఎక్కువ నష్టపోయేది మామూలు ఐఈఎల్‌టీఎస్ బుక్ చేసుకున్నవాళ్లు. ప్రశ్నపత్రం తీరు ఒకటే, మార్కులు వేసే పద్ధతీ ఒకటే, కానీ వీసాకు చెల్లేది 'ఫర్ యూకేవీఐ' అని ఉన్నదే. బుకింగ్ పేజీలో ఆ రెండు ముక్కలు కనిపించకపోతే డబ్బు కట్టొద్దు.

ఇందులోనూ అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండున్నాయి. వర్క్ వీసాకు ఏదైనా సరే. జనరల్ రీడింగ్ తేలికని అందరూ అటు పోతారు. పాఠాలు తేలికే, మార్కులు కావు. ఐఈఎల్‌టీఎస్ ప్రకటించే సగటు లెక్క ప్రకారం అకడమిక్ రీడింగ్‌లో 40కి 15 సరైతే బ్యాండ్ 5, 23 సరైతే బ్యాండ్ 6. జనరల్‌లో అవే బ్యాండ్లకు 23, 30 కావాలి. రైటింగ్ మొదటి టాస్క్‌లో జనరల్‌కు లెటర్, అకడమిక్‌కు గ్రాఫ్ లేదా పట్టిక వస్తాయి. అంకెలు చదివి వర్ణించడం అలవాటున్న ఇంజనీరింగ్, కామర్స్ వాళ్లు అకడమిక్‌కు భయపడక్కర్లేదు. రెండింటిలో ఒక్కో మాక్ టెస్ట్ టైమ్ పెట్టుకుని రాసి, ఆ స్కోర్లు చూసి తేల్చుకోండి.

ఓవరాల్ బ్యాండ్‌ను మర్చిపోండి. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 5 వస్తే ఓవరాల్ 6.5 అని కాగితం మీద కళకళలాడుతుంది, వీసాకు పనికిరాదు. నాలుగింటిలోనూ కనీసం 5.5 రావాలి. కాబట్టి ప్రిపరేషన్‌లో సగం టైమ్ మీ బలహీన విభాగానికే ఇవ్వండి. అది సాధారణంగా రైటింగే.

రైటింగ్‌కు 60 నిమిషాలు. టాస్క్ 1 కనీసం 150 పదాలు, టాస్క్ 2 కనీసం 250. టాస్క్ 2కి బరువు రెట్టింపు, అందుకే 20 నిమిషాలు, 40 నిమిషాలుగా పంచుకోవాలి. టాస్క్ 1లో అరగంట పోతే టాస్క్ 2 ముగింపు లేకుండా ఆగిపోతుంది, బ్యాండ్ 5 దగ్గర ఇరుక్కునేవాళ్లలో చాలామంది కథ ఇదే. టాస్క్ 2లో మొదటి ఐదు నిమిషాలు ప్లాన్‌కు, చివరి ఐదు నిమిషాలు సరిచూసుకోవడానికి ఉంచండి. 260 నుంచి 280 పదాలు చాలు, 350 రాస్తే తప్పులు పెరగడం తప్ప లాభం లేదు. ప్రశ్నలో రెండు భాగాలుంటే రెండింటికీ జవాబుండాలి. 'ఎంతవరకు అంగీకరిస్తారు' అని అడిగితే మీ పక్షం మొదటి పేరాలోనే తెలియాలి. బట్టీపట్టిన ముందుమాటలను ఎగ్జామినర్లు ఇట్టే పసిగడతారు, వాటికి మార్కులు పడవు.

తెలుగువాళ్ల తప్పులు కొన్ని ఒకే మూసలో ఉంటాయి, కాబట్టి దిద్దుకోవడమూ సులువే. 'మూడేళ్లుగా పనిచేస్తున్నాను' అని ఆలోచించి 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్' అని రాస్తాం. అక్కడ 'ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్' రావాలి. 'డిస్కస్ అబౌట్', 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' కూడా ఈ కోవలోవే. మన భాషలో ఆర్టికల్స్ లేవు కాబట్టి 'ఏ', 'ద' జారిపోతాయి. హీ, షీ తర్వాత క్రియకు చివర రావాల్సిన ఎస్ మాయమవుతుంది. మీ వ్యాసాల్లోని తప్పులను ఇలా రకాలుగా విడదీసి ఒక పుస్తకంలో రాసుకోండి. పది వ్యాసాలు దిద్దించుకునేసరికి నాలుగైదు రకాల తప్పులే మళ్లీ మళ్లీ వస్తున్నాయని తెలుస్తుంది. చివరి ఐదు నిమిషాల్లో వెతకాల్సింది వాటినే. వ్యాసం దిద్దించుకోకుండా యాభై రాసినా ఉపయోగం లేదు, అవే తప్పులు చేతికి అలవాటవుతాయి.

లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. 16 సరైతే బ్యాండ్ 5, 23 అయితే 6. కనుక సాధనలో 23 తగ్గకుండా చూసుకోండి, పరీక్ష రోజు ఒకటి రెండు జారినా 5.5 దక్కుతుంది. మొదటి భాగంలో ఫారం నింపే ప్రశ్నలు ఎక్కువగా వస్తాయి. పేర్ల స్పెల్లింగ్, ఫోన్ నంబర్లు, పోస్ట్‌కోడ్‌లు చెబుతారు. థర్టీన్, థర్టీ తేడా, 'డబుల్ ఎల్' లాంటివి చెవికి పట్టాలి. 'రెండు పదాలు మించకూడదు' అన్నచోట మూడు రాస్తే అర్థం సరైనా తప్పే. బహువచనం ఎస్ వదిలేసినా, స్పెల్లింగ్ తప్పినా మార్కు పోతుంది. ఒక జవాబు తప్పిపోతే దాన్ని వదిలేసి తర్వాతి ప్రశ్నకు వెళ్లండి, దాని గురించే ఆలోచిస్తూ కూర్చుంటే వెనకే ఇంకో రెండు పోతాయి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ గడీ ఖాళీగా ఉంచొద్దు.

రీడింగ్‌కు గంట, జవాబులు ఎక్కించడానికి అదనపు సమయం ఉండదు. ఎక్కువమందిని ముంచేది ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్. పాఠం ఆ వాక్యాన్ని ఖండిస్తే ఫాల్స్, దాని ఊసే ఎత్తకపోతే నాట్ గివెన్. బయట మనకు తెలిసిన విషయాన్ని ఇందులోకి తేకూడదు.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా ఎగ్జామినర్ ఉంటారు లేదా వీడియో కాల్‌లో ఉంటారు. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. మన యాసకు మార్కులు కోయరు, మాట అర్థం కాకపోతే కోస్తారు. 'బస్సు', 'బుక్కు' అని చివర అచ్చు చేర్చడం, జెడ్‌ను 'జ'గా పలకడం, పడమర వెస్ట్‌కూ లోపల తొడుక్కునే వెస్ట్‌కూ ఒకే 'వ' పలకడం సరిచేసుకోండి. రోజూ రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి, మరునాడు వింటూ మాట తడబడిన చోటల్లా గుర్తుపెట్టుకోండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చు, అడిగినందుకు నష్టం లేదు. ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకుంటేనే నష్టం.

పరీక్ష రోజు తీసుకెళ్లాల్సింది బుకింగ్‌లో నంబరు ఇచ్చిన పాస్‌పోర్టే. ఇంటిపేరు విడిగా లేని పాస్‌పోర్టులు మనవాళ్లలో చాలా ఉంటాయి, కాబట్టి పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో బుకింగ్‌లోనూ అలాగే పడిందో లేదో అదే రోజు చూసుకోండి. దరఖాస్తు ఫారంలో సర్టిఫికెట్ మీది సెల్ట్ రిఫరెన్స్ నంబర్ అడుగుతారు. ఫలితం రెండేళ్లు చెల్లుతుంది, ఆ రెండేళ్లు లెక్కించేది వీసాకు దరఖాస్తు చేసే తేదీకి. ఒకసారి ఒక లెవెల్‌తో వీసా మంజూరైతే అదే లెవెల్ అడిగే తర్వాతి దరఖాస్తుకు మళ్లీ పరీక్ష అక్కర్లేదు. లెవెల్ పెరిగితే మాత్రం కావాలి: ఏ1తో వచ్చిన ఫుట్‌బాలర్ ఆట మానేసి స్కిల్డ్ వర్కర్ రూట్‌లో ఉద్యోగానికి మారాలంటే అతనూ బీ2 పరీక్ష హాల్లో కూర్చోవాల్సిందే.