పరగడుపు షుగర్ ఒక్కటే చూసుకుంటే చాలదు

నాకు సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయి ఆయాసం తెచ్చే దీర్ఘకాలపు జబ్బు), షుగర్, పెద్ద పొట్ట మూడూ ఉన్నాయి. ఆయాసం ముదిరినప్పుడు మామూలుగా రాసేది ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 40 మిల్లీగ్రాములు, రోజుకోసారి, 5 రోజులు. ఊపిరి తేలికపడుతుంది, షుగర్ మాత్రం ఎగబాకుతుంది. పొద్దున టిఫిన్ తిని మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా దాని ప్రతాపం, తెల్లారేసరికి దిగిపోతుంది. నా నోట్‌బుక్కులో ఒక రోజు లెక్క: పరగడుపున 124, అన్నం తిన్న 2 గంటలకి 297. పొద్దుటి అంకె చూసి నిశ్చింతగా ఉండటమే మనలో చాలామంది చేసే తప్పు. ఆ 5 రోజులూ మధ్యాహ్న భోజనమైన 2 గంటలకి, మళ్ళీ రాత్రి భోజనానికి ముందు వేలు గుచ్చుకోవాల్సిందే.

ఇన్సులిన్ వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పగలు షుగర్ పెరిగిందని సొంతంగా రాత్రి డోసు పెంచితే తెల్లవారుజామున షుగర్ పడిపోవచ్చు. స్టెరాయిడ్ ఆపాక, పెంచిన డోసు ఎప్పుడు ఎంత తగ్గించాలో ముందే డాక్టర్‌తో రాయించుకోండి.

ఆయాసం వచ్చినప్పుడు ఊపిరి గొట్టాలను వదులుచేసే సాల్బ్యుటమాల్ మందు పీల్చాక చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. షుగర్ పడిపోయినా అచ్చం అలాగే ఉంటుంది. అందుకే మీటర్ పెట్టి చూడాలి. 70 కంటే తక్కువుంటే 3 టీ చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. మీటర్ దగ్గర లేకపోతే ఆలోచించకుండా పంచదార తీసుకోవడమే మేలు. షుగర్ పెరుగుతుందన్న భయంతో రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ మానేయకండి. పీల్చిన వెంటనే నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి. లేదంటే నాలుక మీద తెల్లటి పూత కడుతుంది, షుగర్ ఎక్కువున్నవాళ్ళకి మరీ తొందరగా.

ఇక పొట్ట సంగతి. సీఓపీడీలో బయటికి పోని గాలి ఊపిరితిత్తుల్లో నిలిచి, వాటి కిందుండే శ్వాస కండరం డయాఫ్రమ్‌ను కిందికి నొక్కుతుంది. కింది నుంచి కొవ్వు దాన్ని పైకి తోస్తుంది. చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగినా ఊపిరాడనిది ఇందుకే. కడుపునిండా బిర్యానీ తిన్నాక వచ్చే ఆయాసానికీ ఇదే కారణం. నేను 3 పూటల తిండిని 5 చిన్న భోజనాలుగా చేసుకున్నాను. అన్నం తగ్గించినా గుడ్డు, పప్పు, పెరుగు తగ్గించలేదు. పస్తులతో బరువు తగ్గితే కండ కరుగుతుంది. శ్వాస ఆడించేదీ కండరాలే కదా.

గురక, పొద్దున్నే తలనొప్పి, పగలు కునుకుపాట్లు ఉంటే, నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్ళు వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 98 శాతం రావాలని ఫ్లో పెంచేస్తుంటారు, అది ప్రమాదం. మాలాంటివాళ్ళలో చాలామందికి డాక్టర్లు చెప్పే హద్దు 88 నుంచి 92 శాతం. అంతకు మించితే కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగత కమ్ముతుంది.

హైదరాబాద్ చలికాలంలో తెల్లారగట్ల పొగమంచూ దుమ్మూ నేలకి అంటుకునే ఉంటాయి. ఎండ పొడిచాకే నడక. ఎత్తుపల్లాల్లేని నెక్లెస్ రోడ్డు నాకు అనుకూలం. మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు. ఊపిరి అందకపోతే ఆగి, ముక్కుతో 2 లెక్కపెట్టేదాకా పీల్చి, ఈల వేస్తున్నట్టు పెదాలు ముడిచి 4 లెక్కపెట్టేదాకా వదులుతాను. జేబులో ఎప్పుడూ ఇన్‌హేలర్, గ్లూకోజ్ పొట్లం రెండూ ఉంటాయి.