మట్టిబాటకు తగిన సైకిలు: మా అమ్మాయి కోసం వెతికిన నాలుగు నెలలు

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు నిండే నాటికి చదునైన రోడ్డు మీద సైకిలు తొక్కడం బాగా వచ్చేసింది. ఆ తర్వాత ఆమె మనసు గుట్టల మీది కాలిబాటల వైపు, రాళ్ళూ చెట్ల వేర్లూ ఉన్న మట్టిదారుల వైపు మళ్ళింది. అటువంటి దారికి తగిన సైకిలు కొనడమంటే లావు టైర్లు, ముందు షాకర్లు, డిస్కు బ్రేకులు, ఎక్కువ గేర్లు ఉన్న బండిని ఎంచుకోవడమేనని అప్పట్లో నేను నమ్మాను. అది సరికాదని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

కొనే ముందు చూద్దామని, తెలిసినవారి అబ్బాయి వాడి పక్కన పెట్టిన సైకిలు ఒకటి రెండు వారాలకు అడిగి తెచ్చాను. దాని చక్రాలు 24 అంగుళాలవి. ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు ఫోర్కు (నేను షాకర్లన్నది దాన్నే), రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు, మూడు ఏడుల ఇరవై ఒక్క గేర్లు ఉన్నాయి. చూడటానికి పెద్దల మౌంటెన్ బైకును కుదించినట్టే ఉండేది. మొదటి రోజు ఉత్సాహంగా ఎక్కిన మా అమ్మాయి, నాలుగో రోజు చిన్న దిగుడులో బ్రేకు అందక, కాలు నేలకు ఆనక పక్కకు ఒరిగి పడిపోయింది. మోకాలు గీసుకుపోయింది. ఏడవలేదు గానీ, "నాన్నా, నేను దాన్ని తొక్కడం లేదు, అదే నన్ను లాక్కుపోతోంది" అన్నది. ఆ మాట విన్నాక ఆ సైకిలును తూచి, కొలిచి చూడాలని నాకు అనిపించింది.

ముందు తూకం. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను మీద నేను ఒకసారి ఒట్టి చేతులతో, మరొకసారి సైకిలును ఎత్తి పట్టుకొని నిలబడి, రెండింటి తేడా చూశాను. సైకిలు 14.5 కిలోలు తూగింది. మా అమ్మాయి బరువు 24 కిలోలు. అంటే తన బరువులో అరవై శాతం ఉన్న యంత్రాన్ని ఆమె గుట్ట ఎక్కించాలి, వంపులో తిప్పాలి, దిగుడులో ఆపాలి. నా బరువు 72 కిలోలు కాబట్టి, అదే లెక్కన నేను 43 కిలోల సైకిలు తొక్కవలసి ఉంటుంది. దానితో నేను ఏ గుట్టా ఎక్కలేను. పిల్లల సైకిలు గురించి ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది తూకం గురించే. ప్రకటనలలో గేర్ల సంఖ్య పెద్ద అక్షరాలతో ఉంటుంది, బరువు మాత్రం చాలాసార్లు కనిపించదు.

తర్వాత ఎత్తు. పిల్లల సైకిళ్ళను చక్రం వ్యాసంతో 16, 20, 24 అంగుళాలని వయసు ప్రకారం అమ్ముతారు గానీ, ఒకే వయసు పిల్లల కాళ్ళ పొడవులో ఎంతో తేడా ఉంటుంది. అందుకని అమ్మాయిని తొక్కేటప్పుడు వేసుకునే బూట్లతోనే గోడకు ఆనించి నిలబెట్టి, రెండు కాళ్ళ మధ్య గట్టి అట్ట పుస్తకాన్ని నిటారుగా పైకి ఆనేదాకా జరిపి, పుస్తకం పై అంచు నుంచి నేల వరకు కొలిచాను. 57 సెంటీమీటర్లు వచ్చింది. తెచ్చిన సైకిలు సీటును పూర్తిగా దించినా 70 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది, మధ్య గొట్టం 66 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. రోడ్డు మీదైతే ఎలాగో సర్దుకోవచ్చునేమో గానీ, రాళ్ళ మధ్య ఉన్నట్టుండి ఆగవలసి వచ్చినప్పుడు రెండు కాళ్ళూ నేలకు ఆనాలి, గొట్టానికీ ఒంటికీ మధ్య కనీసం నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. దుకాణంలో మాత్రం, "పిల్లలు ఎదుగుతారండీ, ఏడాది తిరిగేసరికి సరిపోతుంది" అన్నారు. బట్టల విషయంలో అది మంచి సలహా. కానీ ఆ ఏడాదంతా పిల్ల భయపడుతూ తొక్కితే, సైకిలు సరిపోయే నాటికి ఆమెకు దాని మీద ఇష్టమే మిగలదు.

ముందు ఫోర్కు విషయంలోనే నేను అన్నిటికంటే ఎక్కువ పొరబడ్డాను. షాకర్లు ఉంటే రాళ్ళ మీద చేతులకు అదురు తగలదని అనుకున్నాను. ఫోర్కు పై గొట్టానికి చుట్టూ ఒక దారం బిగించి కట్టి, దాన్ని కిందికి జరిపి, అమ్మాయిని గతుకుల మీద తొక్కమన్నాను. ఫోర్కు ఎంత లోపలికి దిగితే దారం అంత పైకి జరగాలి. అరగంట తర్వాత చూస్తే అది వేలి మందం కూడా కదలలేదు. లోపలి ఇనుప స్ప్రింగు అంత తేలికైన పిల్ల బరువుకు అణగదు. అణగని స్ప్రింగు బరువును మాత్రం పెంచుతుంది. ఆ రకం ఫోర్కు మామూలు ఫోర్కు కంటే ఒక కిలోకు పైగా ఎక్కువ తూగుతుంది. గాలి ఒత్తిడితో పనిచేసే ఫోర్కులను పిల్లల బరువుకు తగ్గట్టు సర్దవచ్చు, పెద్ద రాళ్ళ దారులలో వేగంగా దిగే పిల్లలకు అవి నిజంగా ఉపయోగపడతాయి. మా అమ్మాయి ఇంకా ఆ స్థాయికి రాలేదు.

ఆ సైకిలుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని కూడా అడిగి చదివాను. ఎగుడుదిగుడు దారులలో వాడరాదని అందులో చిన్న అక్షరాలతో రాసి ఉన్నది. రూపమంతా కొండదారులకు తగ్గట్టుగా తయారుచేసి, పుస్తకంలో మాత్రం వద్దని రాయడం నాకు చాలా బాధ కలిగించింది. ప్రమాణాల గురించి తెలుసుకున్నది కూడా అప్పుడే. సీటు గరిష్ఠ ఎత్తు 435 నుంచి 635 మిల్లీమీటర్ల మధ్య ఉండే చిన్న పిల్లల సైకిళ్ళకు ఐఎస్‌ఓ 8098 అనే అంతర్జాతీయ ప్రమాణం వర్తిస్తుంది. అంతకంటే ఎత్తైనవి ఐఎస్‌ఓ 4210 కిందికి వస్తాయి, అందులో మౌంటెన్ సైకిళ్ళది ప్రత్యేకమైన తరగతి. అప్పటి నుంచి ఏ సైకిలు చూసినా, దాన్ని ఎలాంటి వాడకానికి తయారుచేశారో పుస్తకంలో వెతకడం అలవాటు చేసుకున్నాను.

గేర్ల లెక్క కూడా వేశాను. ఆ ఇరవై ఒకటిలో చాలావాటి ఫలితం దాదాపు ఒకటే. అన్నిటికంటే తేలిక గేరులో గొలుసు తిరిగే పళ్ళచక్రాలకు ముందు, పెడళ్ళ దగ్గర 24 పళ్ళు, వెనుక 28 పళ్ళు కాబట్టి, పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 1.6 మీటర్లు కదులుతుంది. చివరికి మేము ఎంచుకున్న 20 అంగుళాల సైకిలులో ముందు 28 పళ్ళ చక్రం ఒక్కటే ఉన్నది, వెనుక 11 నుంచి 34 పళ్ళ దాకా ఎనిమిది గేర్లు ఉన్నాయి. అందులో తేలిక గేరుకు ఒక చుట్టుకు సుమారు 1.3 మీటర్లే కదులుతుంది కాబట్టి, ఎనిమిది గేర్లదే ఏటవాలు ఎక్కడంలో పైచేయి. పైగా ముందు మార్చవలసిన గేర్లు లేవు కాబట్టి ఎడమ చేతికి గేరు పనే ఉండదు. మణికట్టుతో మెలితిప్పే గేరు మా అమ్మాయికి బిగుతుగా అనిపించేది. బొటనవేలితో నొక్కే మీట అయితే మొదటి రోజే అలవాటయింది.

బ్రేకులను నేను ఆమె వేళ్ళతోనే పరీక్షించాను. తీగతో లాగే చవక డిస్కులకు నాలుగు వేళ్ళూ చాలక, హ్యాండిల్ మీద పట్టు జారిపోయేది. కొత్త సైకిలుకు రిమ్మును రెండు వైపుల నుంచి నొక్కే వి బ్రేకులున్నాయి. మీట దగ్గరున్న చిన్న మరను తిప్పి, మీటను హ్యాండిల్‌కు దగ్గరగా తెచ్చాక రెండు వేళ్ళతోనే చక్రం ఆగిపోతున్నది. తడిలో, బురదలో డిస్కులదే మేలని ఒప్పుకోవాలి. నూనె ఒత్తిడితో పనిచేసే డిస్కులు దొరికి ఉంటే వాటినే తీసుకొని ఉండేవాణ్ణి.

పెడలు క్రాంకు, అంటే పెడలును మధ్య ఇరుసుకు కలిపే కడ్డీ, దాని పొడవు గురించి నాకు ఎవరూ చెప్పలేదు. అడిగి తెచ్చిన సైకిలుకు అది 152 మిల్లీమీటర్లు ఉండటంతో తొక్కుతున్నప్పుడు మోకాళ్ళు ఛాతీ దాకా లేచేవి, నడుము అటూ ఇటూ ఊగేది. క్రాంకు మనిషి ఎత్తులో సుమారు పదోవంతు ఉంటే మేలంటారు. అమ్మాయి ఎత్తు 126 సెంటీమీటర్లు, కొత్త సైకిలు క్రాంకు 140 మిల్లీమీటర్లు. కొంచెం ఎక్కువే అయినా నడుము ఊగడం ఆగిపోయింది.

కొత్త సైకిలు 8.6 కిలోలు తూగింది, అంటే ఆమె బరువులో మూడోవంతుకు కాస్త పైన. దానికి స్ప్రింగులు లేవు గానీ 2 అంగుళాల వెడల్పు టైర్లున్నాయి. మొదట 40 పీఎస్‌ఐ దాకా గాలి నింపి ఇచ్చారు. రాళ్ళ మీద బంతిలా ఎగిరింది. ప్రతిసారీ కొద్ది కొద్దిగా తగ్గిస్తూ, టైరు మీద ముద్రించిన కనిష్ఠ పరిమితి 25 దాకా తెచ్చాను. ఫోర్కు నుంచి నేను ఆశించిన మెత్తదనం ఆ టైర్ల నుంచే దొరికింది. పక్క స్టాండు రాళ్ళకు తగులుతుందని ముందే ఊడదీశాను. మొదటి నెల తర్వాత క్రాంకు బోల్టులు మళ్ళీ బిగించాను, ఒకటి కాస్త వదులైంది కూడా.

అమ్మాయి ఇప్పుడు గుట్ట ఏటవాలును సైకిలు దిగకుండా ఎక్కుతున్నది. వేర్లు అడ్డొచ్చే చోట పెడళ్ళ మీద లేచి నిలబడి దాటుతున్నది. సీటు గొట్టాన్ని మొదటి నుంచి ఇప్పటికి మూడు సెంటీమీటర్లు పైకి లాగాను. ఇంతకు మించి లాగరాదని గొట్టం మీద చెక్కిన గీతకు ఇంకా ఎనిమిది సెంటీమీటర్ల దూరం ఉన్నది. ఆ గీత దగ్గరపడ్డాక, గోడ దగ్గర అట్ట పుస్తకంతో మళ్ళీ కొలిచి, 24 అంగుళాల వాటిని తూచి చూడటం మొదలుపెడతాను.