నోటాకి పై బటన్ మాది: ఇండిపెండెంటు ఎన్నికల్లో నా అనుభవం

2024 అసెంబ్లీ ఎన్నికల్లో విశాఖ దక్షిణం నుంచి మా మాస్టారు ఇండిపెండెంటుగా నిలబడ్డారు, నేను ఆయన ఎలక్షన్ ఏజెంటుని. గెలవలేదు. డిపాజిట్ కూడా రాలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత మీకు సస్పెన్స్ ఉండదు. ఈమధ్య మా వైపు కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి "అన్నా, మనం కూడా నామినేషన్ వేద్దామనుకుంటున్నాం, ఏమేం కావాలి" అని అడిగారు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పీ చెప్పీ, ఇదేదో ఒకచోట రాసి పడేస్తే పోతుంది కదా అని రాస్తున్నాను.

మాది వన్ టౌన్, కోటవీధి దగ్గర. పోర్టు పక్కన పుట్టి పెరిగినవాళ్ళకి బొగ్గు దుమ్ము గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్న తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రం వేలు పెట్టి లాగితే నల్లగా చార పడుతుంది. మాస్టారు మా మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెప్పేవారు, రిటైరయ్యాక ఈ దుమ్ము మీద అర్జీలు పెట్టడం మొదలుపెట్టారు. ఆయన దగ్గర అర్జీల రసీదుల ఫైలు ఒకటుంది, చేతికి తీసుకుంటే బరువు తెలుస్తుంది. ఆ ఫైలు నా ముందు పడేసి ఓ రోజు "వెళ్ళి అడిగేవాడు లేడురా, మనమే నిలబడదాం" అన్నారు. సరదాకి అన్నారనుకున్నాను. నేను టాక్స్ రిటర్నులు వేసే ఆఫీసులో పని చేస్తాను, ఫారాలంటే నాకు భయం లేదు, అదే నా కొంప ముంచింది.

ముందు డబ్బు సంగతి. అసెంబ్లీకి డిపాజిట్ పదివేలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు ఐదు వేలు. చిల్లర నాణేలు మూటకట్టి తీసుకెళ్ళి టీవీలో పడదామని మావాడొకడు అన్నాడు, మాస్టారు చూసిన చూపుకి మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, అది కూడా నామినేషన్ వేసే రోజుకి ముందే. ఇది చివరి దాకా ఉంచుకోకండి. మేం వెళ్ళిన బ్రాంచిలో ఆ అమ్మాయికి అలాంటి ఖాతా ఒకటుంటుందనే తెలియదు, మేనేజరు లీవు, రెండు రోజులు తిరిగాం.

తర్వాత ఫారం 26, అంటే అఫిడవిట్. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు, ఐదేళ్ళ ఆదాయం అన్నీ రాసి నోటరీ చేయించాలి. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు, లేకపోతే లేదని రాయాలి. ఖాళీలుంటే నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి నోటీసిస్తారు, అప్పటికీ నింపకపోతే నామినేషనే పోతుంది. భార్య పేరున ఉన్నవి కూడా రాయాలి, వచ్చిన చిక్కల్లా అక్కడే. మాస్టారి భార్యని మేం పిన్నిగారంటాం. బంగారం ఎన్ని గ్రాములని అడిగితే చెప్పారు గానీ, ఆ కాగితం నోటీసు బోర్డు మీదా ఇంటర్నెట్లోనూ పెడతారని తెలిశాక ఆవిడకి కోపం వచ్చేసింది. "నా పుస్తెలతాడు ఎన్ని గ్రాములో ఊరికంతటికీ చెప్పి ఓట్లడుగుతారా" అని రెండు రోజులు మాస్టారితో మాట్లాడలేదు. నాతో మాట్లాడారు, ఎందుకంటే గాజులు ఏ గడిలో రాశానో చూసుకోవాలి కదా.

అసలు టెన్షన్ పది సంతకాల దగ్గర. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, ఇండిపెండెంటుకి పది మంది కావాలి, పది మందికీ అదే నియోజకవర్గంలో ఓటుండాలి, జాబితాలో భాగం నంబరు, వరస నంబరు సరిగ్గా వెయ్యాలి. నామినేషన్లు ఏప్రిల్ 18 నుంచి 25 దాకా, రోజూ పదకొండు నుంచి మూడింటి వరకే. మేం 24న వేసేశాం. మాస్టారు ప్రమాణం కూడా చేసేశారు. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకోబోతూ, ఎందుకో అనుమానమొచ్చి, ఆ పది నంబర్లూ కొత్త జాబితాతో సరిచూస్తే పదో ఆయన పేరు అందులో లేదు. నేను నంబర్లు రాసింది పాత జాబితాలోంచి. ఆయన ఇల్లు మారాడు, ఓటు ఉత్తరం నియోజకవర్గానికి మార్పించుకున్నాడు, ఆ సంగతి ఆయనే మర్చిపోయాడు. తొమ్మిది మంది సంతకాలంటే నామినేషన్ లేనట్టే. తప్పు నాదే, ఆయన్ని అనడానికేం లేదు.

ఆ రాత్రి మాస్టారికి ఫోన్ చెయ్యడానికి పావుగంట పట్టింది. ఆయన తిట్టలేదు, "నామినేషన్ కాగితాలు ఇంకో సెట్ వెయ్యొచ్చా?" అన్నారు. వెయ్యొచ్చు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేసుకోవచ్చు, డిపాజిట్ మళ్ళీ కట్టక్కర్లేదు. పార్టీలవాళ్ళు ఎప్పుడూ రెండు మూడు సెట్లు ఎందుకు వేస్తారో ఆ రాత్రి అర్థమైంది. మీరు కూడా ఒక్క సెట్‌తో ఊరుకోకండి.

మర్నాడు పొద్దున్నే ఆరింటి నుంచి తలుపులు కొట్టాం. తొమ్మిది మంది దొరికారు. పదో సంతకం మా వీధిలో చేపలమ్మే మామ్మది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, హార్బర్లో బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి కాబట్టి ఆవిడ ఇంట్లో దొరికింది, లేకపోతే ఆ టైముకి గంపతో హార్బర్లో ఉండేది. ఆవిడకి సంతకం రాదు. వేలిముద్ర అయితే మనం ఇంట్లో వేయించుకుని తీసుకెళ్తే చెల్లదు, రిటర్నింగ్ అధికారి ముందో ఎన్నికల సంఘం నిర్దేశించిన అధికారి ముందో వెయ్యాలి. ఆటోలో ఎక్కించుకుని వెళ్ళాం. ఆ ఎండలో లైన్లో నిలబడి, లోపలికి అభ్యర్థితో కలిపి ఐదుగురినే పంపుతారు కాబట్టి ఎవరు వెళ్ళాలో లెక్కలేసుకుని, చివరికి ఒంటిగంటన్నరకి మామ్మ ఇంకు ప్యాడ్ మీద వేలు పెట్టింది. ఒకటి కాదు, మసకగా పడిందని రెండోది వేయించారు. బయటికొచ్చి వేలు కొంగుకి తుడుచుకుంటూ "ఏటి బాబూ, బేంకులోన కూడా ఇన్నిపాలు ఏలుముద్దర అడగనేదు, మీ మేస్టారికి ఉజ్జోగం గట్రా ఇస్తన్నారేటి?" అంది. 26న పరిశీలనలో మొదటి సెట్ తీసేశారు, రెండోది నిలబడింది. మాస్టారు అభ్యర్థి అయ్యారంటే మామ్మ వేలు పుణ్యమే.

29న ఉపసంహరణ గడువు అయ్యాక గుర్తులిచ్చారు. మూడు ఎంచుకుని రాయాలి, మేం మొదట బకెట్ రాశాం, దుమ్ము కడగడానికి బాగుంటుందని. ఇంకో ఇండిపెండెంటు కూడా అదే అడిగాడు, చీటీ తీస్తే ఆయనకి వెళ్ళింది. మాకు కుట్టుమిషన్ వచ్చింది. మాస్టారి ముఖం చిన్నబోయింది గానీ, నాకైతే మంచిదే జరిగిందనిపించింది, మా వీధుల్లో ఇంటికో మిషనుంది. ఇంకో విశేషం, ఓటింగు మిషన్ మీద పేర్లు వేసే పద్ధతి. ముందు గుర్తింపు పొందిన పార్టీలు, తర్వాత రిజిస్టరు పార్టీలు, చివర ఇండిపెండెంట్లు, వాళ్ళలో వాళ్ళకి అక్షరక్రమం. మాస్టారి పేరు 'వ'తో మొదలు కాబట్టి అందరికంటే కింద పడింది, ఆ కింద నోటా ఒక్కటే. ఇదేం ఖర్మరా అనుకున్నాం. మా మేనల్లుడు "భలే, గుర్తుంచుకోవడం సులువు" అని "నోటాకి పై బటన్ మనదే" అని మొదలుపెట్టాడు. ప్రచారమంతా అదే నడిచింది.

ప్రచారానికి దొరికింది పన్నెండు రోజులు. ఇంటింటికీ తెల్ల జేబురుమాళ్ళు ఇద్దామని మాస్టారి ఆలోచన, కిటికీకి కడితే రెండు రోజుల్లో నల్లబడుతుందని. నేను ఒప్పుకోలేదు. ఐదు రూపాయల రుమాలైనా సరే, ఓటరుకి వస్తువు ఇచ్చినట్టే, కేసు అవుతుంది. అందుకని పాంప్లెట్‌లోనే సగం పేజీ ఖాళీ గడి వదిలి, కింద "ఈ కాగితం రెండు రోజులు కిటికీలో పెట్టండి, తర్వాత ఈ గడిలో వేలితో మీ పేరు రాసి చూడండి" అని వేయించాం. అల్లిపురంలో తెలిసిన ప్రెస్సు ఆయన, సిరా వెయ్యని చోటికి కూడా డబ్బులు తీసుకోవాలా అని నవ్వాడు. పాంప్లెట్ మీద అచ్చువేసినవాళ్ళ పేరు, అడ్రసు, వేయించినవాళ్ళ పేరు, అడ్రసు తప్పనిసరి, మర్చిపోతే అదో కేసు.

ఆ గడి పని చేసింది. రెండో విడత వెళ్ళినప్పుడు బురుజుపేటలో ఒకావిడ లోపలికి వెళ్ళి కాగితం తెచ్చి చూపించింది, వేలితో ఆవిడ పేరు కాదు, వాళ్ళాయన పేరు రాసుంది. "కడిగీ కడిగీ నా చేతులు పోయాయి, ఆయనకేం తెలుస్తుంది, అందుకే ఆయన పేరు" అంది.

ఓటుకి ఎంతిస్తారని అడిగినవాళ్ళు లేకపోలేదు. మొదటి రెండు రోజులు నాకు మాట పెగల్లేదు. మాస్టారు మాత్రం క్లాసులో అటెండెన్స్ తీసుకున్నంత మామూలుగా "నేనేం ఇవ్వనమ్మా" అనేసి గడి చూపించేవారు. కొందరు నవ్వేవారు, కొందరు తలుపేసేవారు, ఒక ముసలాయన మాత్రం "ఇవ్వనివాడు గెలిస్తే తినడా" అని అడిగాడు, మాస్టారి దగ్గర దానికి జవాబు లేదు, నా దగ్గరా లేదు. అడిగినవాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వేట లేని నెలలో ఇంటి ముందుకొచ్చి నిలబడ్డవాణ్ణి ఏదో ఒకటి అడగరా?

ఎండకి మేమందరం వాడిపోయాం. కొండ మెట్ల ఇళ్ళకి సాయంత్రం ఐదు దాటాకే ఎక్కేవాళ్ళం. పైకెక్కి వెనక్కి తిరిగితే ఓ పక్క రాస్ హిల్ చర్చి, దర్గా కొండ, వెంకన్న కొండ, ఇంకో పక్క పోర్టులో బొగ్గు గుట్టలు, మాస్టారు ఆయాసపడుతూనే వేలెత్తి చూపించేవారు, ఇంక మాట్లాడాల్సిన పనుండేది కాదు. మే 10న సింహాచలం చందనోత్సవం, ఆ రోజు మా వాళ్ళలో సగం మంది అప్పన్న నిజరూప దర్శనానికి క్యూలో ఉన్నారు. ప్రచారం ముగియడానికి ఒక్క రోజు ముందు! ఏమనగలం.

లెక్కల పుస్తకం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మూడు రంగుల పేజీలు. తెల్లవి రోజువారీ ఖర్చుకి, గులాబీవి నగదుకి, పసుపువి బ్యాంకుకి. ఖర్చు పరిమితి 40 లక్షలు, మాది మొత్తం లక్షా పన్నెండు వేలు, అయినా మూడు సార్లు తనిఖీకి తీసుకెళ్ళాల్సిందే. కుర్చీ, షామియానా, టీ, ఆటో అన్నిటికీ జిల్లాలో రేట్ల పట్టిక ఉంటుంది. ఊరికే ఇచ్చినదానికి కూడా ఆ రేటు కట్టి రాయాలి. పూర్ణా మార్కెట్ దగ్గర టీకొట్టాయన మా పదిహేను మందికీ డబ్బులు తీసుకోకుండా టీ ఇచ్చాడు. ఖర్చులు తనిఖీ చేసే అధికారుల వీడియోలో అది పడింది, నా పుస్తకంలో లేదు. "పదిహేను టీలు ఎక్కడ" అని అడిగారు. నేను సిగ్గుపడుతూ విరాళం కింద ఒక వరస, ఖర్చు కింద ఒక వరస రాశాను. పెద్ద పెద్ద సభల లెక్క ఎలా తేలుతుందో గానీ, మా టీలు మాత్రం తేలాయి.

మే 13న పోలింగు. ఏడింటికి మొదలంటే మాక్ పోల్, అంటే మిషన్ సరిగ్గా పని చేస్తోందో లేదో చూసే ఉత్తుత్తి ఓటింగు, ఐదున్నరకే, ఏజెంట్లు ఆ టైముకి ఉండాలి. అన్ని బూత్‌లకీ మనుషుల్ని పెట్టడం మా వల్ల కాలేదు, పన్నెండింట్లో పెట్టాం. పోలింగు అయ్యాక ఫారం 17సీ కాపీ అడిగి తీసుకోండి, పోలైన ఓట్ల లెక్క అందులో ఉంటుంది. మావాళ్ళలో ఇద్దరు ఆకలేసి అది తీసుకోకుండానే వచ్చేశారు.

జూన్ 4న లెక్కింపు, ఆంధ్రా యూనివర్సిటీలో. జాలీ ఇవతల కుర్చీలో కూర్చుని మిషన్ మీద పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే రాసుకోవాలి, మన పేరు చివరిది కాబట్టి ప్రతిసారీ అందరివీ విన్నాకే మనది. తర్వాత నోటా. మొదటి రెండు రౌండ్లకే తెలిసిపోయింది. మా వీధి బూత్‌లో నలభై ఒకటి వచ్చాయి, అక్కడ నోటాకి మూడే. మొత్తం మీద మాత్రం మేం మూడంకెల్లోనే ఆగాం, మా కింది బటన్ మమ్మల్ని దాటిపోయింది. చెల్లిన ఓట్లలో ఆరోవంతు రాకపోతే డిపాజిట్ పోతుంది, మేం ఆ దరిదాపుల్లో కూడా లేం. మాస్టారు నా కాగితం తీసుకుని కూడికలు సరిచూశారు. ఒకచోట తప్పు పట్టారు కూడా.

ఓడిపోయాం కదా అని లెక్కలు వదిలెయ్యకండి. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లోగా ఖర్చుల వివరాలు ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్ళు పోటీకి పనికిరాకుండా చెయ్యొచ్చు. మేం జూన్ నెలాఖరుకే ఇచ్చేసి రసీదు తీసుకున్నాం, మాస్టారు దాన్ని అర్జీల ఫైల్లోనే పెట్టారు.

మిగిలిన పాంప్లెట్లు ఒక కట్ట ఇంకా మా డాబా మెట్ల కింద ఉంది. మా ఆవిడ అమ్మేద్దామంటోంది గానీ, మా చిన్నది ఇవ్వనివ్వడం లేదు. రోజూ బడి నుంచి రాగానే పైన ఉన్న కాగితం గడిలో వేలితో ఏదో ఒక బొమ్మ వేస్తోంది.