సిమెంటు రంగు స్విఫ్ట్‌కు పగటి లైట్లు

సెప్టెంబరు

నా కారు 2014 పెట్రోలు స్విఫ్ట్. కాగితాల్లో దాని రంగుకు ఏదో మంచి పేరే ఉంది. మా వీధిలో మాత్రం సిమెంటు రంగు కారనే అంటారు. ఎండ పడిన తారు రోడ్డులో అంతకన్నా బాగా కలిసిపోయే రంగు ఇంకోటి దొరకదు. అత్తగారి ఊరు పీలేరు కాబట్టి తిరుపతి నుంచి భాకరాపేట ఘాట్ నాకు తప్పదు. మలుపులు, రెండు వైపులా వచ్చే బండ్లు, పైన కమ్ముకున్న కొమ్మలు. ఆ నీడలో ఎదురొచ్చే కార్లను గమనిస్తూ వచ్చాను. ముందు లైటున్నవి మలుపు తిరగ్గానే తెలుస్తాయి. లైటు లేని బూడిద రంగు, నలుపు కార్లు దగ్గరికొచ్చాక గానీ తెలియవు. మరి నేను వాళ్లకు ఎట్లా కనిపిస్తున్నట్టు?

అందుకే డేటైమ్ రన్నింగ్ లైట్లు, అదే షాపుల్లో డీఆర్ఎల్ అంటారే, అవి పెట్టాలనుకున్నా. దారి చూపించడం వీటి పని కాదు. మనం వస్తున్నామని ఎదుటివాడికి తెలియజేయడమే.

తిరుపతిలో ఈ మాట ఎత్తగానే ఎవరైనా అడిగేది ఒకటే: "ఈ ఎండలో లైటెందుకు సామీ?" న్యాయమైన ప్రశ్న. ఈ ఆచారం పుట్టింది ఎండ సరిగా లేని దేశాల్లోనే. చలికాలంలో ఊరి బయట రోడ్ల మీద పగలే లైట్లు వేయాలని ఫిన్లాండ్ 1972లో అంది. స్వీడన్ 1977లో ఏడాది పొడుగునా తప్పనిసరి చేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్తగా వచ్చే కార్ల మోడళ్లకు ఈ లైట్లు ఉండి తీరాలి. ఉత్తరాన లాభం ఎక్కువనీ, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ తగ్గుతుందనీ దీని మీద పరిశోధన చేసినవాళ్లే చెప్పారు. ఆస్ట్రియా అయితే 2005లో పగటి లైట్ల నియమం తెచ్చి 2008కల్లా ఎత్తేసింది. కార్ల లైట్ల మీదే చూపు నిలిచి, నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ కళ్లలో పడరేమోనన్నది అక్కడి అభ్యంతరాల్లో ఒకటి. కొట్టిపారేసే అభ్యంతరం కాదది.

అయినా మన దగ్గర చిక్కు వెలుతురు తక్కువై కాదు, ఎక్కువై. మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపే మనిషి కంటిపాప చిన్నదైపోయి ఉంటుంది. ఆ కళ్లతో చింతచెట్ల నీడలోకి చూస్తే అక్కడంతా చీకటే. ఇంకోటి, పొద్దున్నే తిరుపతి నుంచి రేణిగుంట వైపు పోతే సూర్యుడు నేరుగా ముఖాన కొడతాడు. ఎదురొచ్చే బండి ముందు భాగం నీడలో పడి, అది వస్తోందో ఆగి ఉందో తేలదు. ఈ రెండు చోట్లా చిన్న తెల్ల చుక్క చాలు.

తిరుమల కొండకు మాత్రం దీనితో పెద్ద పని లేదు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎదురు బండే ఉండదు. "కొండకు పోతే బాగా పనికొస్తుంది సార్" అని లైట్లు అంటగట్టే షాపువాళ్లు తిరుమలకు కారు తోలారో లేదో మరి.

అక్టోబరు, కొనడం

ముందు ఖర్చు లేని దారి గురించి. పగలు కూడా మామూలు హెడ్‌లైటు లో బీమ్‌లో, అంటే కిందికి దించిన వెలుగులో, వేసుకుని పోతే చాలు కదా? చాలు. పైగా వెనక ఎర్ర లైట్లు కూడా వెలుగుతాయి, అది డీఆర్ఎల్‌కు లేని గుణం. కానీ నా కారువి హెచ్4 హాలోజన్ బల్బులు, లో బీమ్‌లో ఒక్కోటి 55 వాట్లు. పార్కింగ్, వెనక, నంబరు ప్లేటు లైట్లు కలిపితే 130 వాట్లు దాటుతుంది. కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌లో, ఇంజన్‌లో పోయేది కూడా కలిపి లెక్కేస్తే పది గంటల ప్రయాణానికి ఇంచుమించు లీటరు పెట్రోలు లైట్లకే. బల్బుల ఆయుష్షు కూడా కరిగిపోతుంది. ఎల్ఈడీ డీఆర్ఎల్ జత 15 వాట్లతో సరిపెట్టుకుంటుంది. నెలకోసారి ఊరు దాటేవాళ్లు హెడ్‌లైటు వేసుకోండి, ఈ తంటా అంతా అక్కర్లేదు. నాలాగా వారం వారం తిరిగేవాళ్లకే ఈ పని.

రేణిగుంట రోడ్డులో ఒక యాక్సెసరీస్ షాపుకు పోతే ముందు కౌంటర్ మీద పరిచింది రబ్బరు పట్టీల్లాంటి ఎల్ఈడీ స్ట్రిప్పులు. తెలుపులో మొదలై, ఇండికేటర్ వేస్తే పసుపు పారుతుంది. నీలం కూడా ఉంది, ఎరుపు కూడా ఉంది. ముందు వైపు ఎరుపు పెట్టకూడదన్న సంగతి అమ్మేవాడికీ పట్టదు, కొనేవాడికీ పట్టదు. ఆ పట్టీలు షాపులో మెరుస్తాయి, ఎండలోకి తెస్తే వెలవెలబోతాయి. తీసుకెళ్లి బయట పెట్టించి చూశా, పది అడుగుల దూరంలోనే వెలుగుతోందో లేదో తేల్చుకోలేకపోయా.

లెన్సు ఉన్న అసలైన డీఆర్ఎల్ ఎట్లా గుర్తు పట్టాలంటే, గాజు మీద వలయంలో ఇంగ్లీషు ఈ అక్షరం, పక్కన ఒక అంకె, దగ్గర్లో ఆర్ఎల్ అనే రెండక్షరాలు అచ్చై ఉండాలి. ఐక్యరాజ్యసమితి వాహన నియమాల్లో 87వ దాని ప్రకారం పరీక్ష అయిందని ఆ గుర్తుకు అర్థం. దాని కింద ఒక్కో లైటు ఎదురుగా 400 క్యాండెలాలకు (వెలుగు తీవ్రతకు కొలత) తగ్గకూడదు, 1200 దాటకూడదు. తగ్గితే ఎండలో కనపడదు, దాటితే ఎదుటివాడికి చిరాకు. గుర్తు ఉత్తినే అచ్చేసినవీ అమ్ముతున్నారు కాబట్టి ఎండలో వెలిగించి చూడకుండా డబ్బులివ్వొద్దు. వెనక వేడిని బయటికి లాగే అల్యూమినియం హీట్‌సింక్ ఉందా, పట్టుకుంటే బరువుందా చూడండి. వెనకంతా ప్లాస్టిక్ అయితే మన మే నెల ఎండల్లో ఎల్ఈడీలు మాడిపోతాయి. నాకు జత 2,400 పడింది. రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు), ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజ్ చోటు నుంచి కొత్త వైరు తీసుకునేది), వైరు, స్లీవు, కనెక్టర్లు కలిపి ఇంకో 600.

అక్టోబరు ఆఖరు, బిగించడం

నా మోడల్‌లో ఫాగ్ లైట్లు లేవు, బంపర్‌లో ఆ చోట నల్ల ప్లాస్టిక్ మూతలున్నాయి. ఉన్న మూతలు కోయకుండా ఇంకో జత తెచ్చి వాటిని హాక్సా బ్లేడుతో కోశాం. అసలువి అటక మీద ఉన్నాయి, రేపు కారు అమ్మేటప్పుడు పనికొస్తాయి. లోపల అల్యూమినియం ఎల్ బ్రాకెట్. రెండు లైట్ల మధ్య ఎడం కనీసం 600 మిల్లీమీటర్లు, నేల నుంచి ఎత్తు 250కి తగ్గకుండా ఉండాలన్నది యూరప్ నియమం. బంపర్ చివర్లలో పెట్టాం కాబట్టి ఎడం గురించి ఆలోచించే పని లేకపోయింది, ఎత్తు 410 వచ్చింది. లైట్లు అంత ఎడంగా ఉంటేనే ఎదుటివాడికి అది కారని తెలుస్తుంది. దగ్గరగా పెడితే దూరం నుంచి బైకనుకుంటాడు.

పదేళ్లు దాటిన కారు బంపర్ విప్పేముందు క్లిప్పుల ప్యాకెట్ ఒకటి తెచ్చి పక్కన పెట్టుకోండి. ఎండకు ఎండి పెళుసెక్కి ఉంటాయి, ముట్టుకుంటే చిట్లుతాయి.

వైరింగు గురించి కాస్త వివరంగా రాస్తాను, అందరూ తడబడేది ఇక్కడే. లైట్లతో పాటు ఒక చిన్న కంట్రోలర్ డబ్బా ఇస్తారు. దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే, ఓల్టేజీ 13 దాటగానే ఇంజన్ స్టార్టయిందని గ్రహించి లైట్లు వేస్తుంది. పని సుళువే, కానీ ఇంజన్ ఆపాక కూడా బ్యాటరీ ఓల్టేజీ కాసేపు పైనే ఉంటుంది, లైట్లు ఆరవు. ఓల్టేజీని తగ్గించి పెంచే కొత్త రకం ఛార్జింగు ఉన్న కార్లలో నడుస్తుండగానే ఆరిపోవచ్చు. అందుకే దాన్ని పక్కన పడేసి ఐదు పిన్నుల మామూలు రిలే వాడాను.

30వ పిన్నుకు, కీ ఆన్ చేస్తేనే కరెంటొచ్చే ఫ్యూజ్ నుంచి వైరు. ఏ ఫ్యూజో తెలియకపోతే టెస్ట్ లైటుతో ఒక్కోటీ తడిమి చూడటమే. కీ ఆపితే ఆరాలి, తిప్పితే వెలగాలి. ఫ్యూజ్ ట్యాప్‌లో 3 ఆంపియర్ల ఫ్యూజ్. 87ఎ పిన్ను నుంచి రెండు లైట్ల ప్లస్. 86కు పార్కింగ్ లైటు వైరు, 85 ఎర్తు. 87 ఖాళీ, దానికి టేపు చుట్టేయండి. పార్కింగ్ లైటు ఆఫ్‌లో ఉన్నంతసేపూ రిలే లోపల 30, 87ఎ కలిసే ఉంటాయి కాబట్టి కీ తిప్పగానే డీఆర్ఎల్ వెలుగుతుంది. స్టీరింగు పక్కన కాడను ఒక్క క్లిక్ తిప్పామా, రిలే టక్కుమని ఆ రెంటినీ విడదీస్తుంది, డీఆర్ఎల్ ఆరిపోతుంది. రాత్రి అది ఆరే తీరాలి. హెడ్‌లైటుకున్నట్టు వెలుగు పైకి పోకుండా ఆపే కోత దీనికి ఉండదు, చీకట్లో నేరుగా ఎదుటివాడి కళ్లలోకే.

క్యాబిన్ నుంచి ఇంజన్ వైపు వైరు తేవడానికి ఆ రెంటి మధ్య రేకు గోడ, అదే ఫైర్‌వాల్‌లో ఉన్న రబ్బరు గ్రోమెట్ సందులోంచే దూర్చాం. కొత్త చిల్లు వద్దు. మా బామ్మర్ది పాత గొడుగు కడ్డీ ఒకటి తెచ్చి, దాని కొసకు వైరు టేపుతో చుట్టి, అటువైపు నుంచి "వచ్చింది బావా, లాగు" అన్నాడు. ఎర్తు కోసం బ్యాటరీ పక్క బోల్టు దగ్గర ఉప్పుకాగితంతో పెయింటు గీకి, బిగించాక గ్రీజు రాశాం. మీటరు పెడితే రెండు లైట్లకూ కలిపి 1.1 ఆంపియర్లు, 13.9 ఓల్టుల దగ్గర. అంటే 15 వాట్లు, డబ్బా మీద రాసినదానికి తగ్గట్టే ఉంది.

హెడ్‌లైటు వైరు మధ్యలో కోసి మెలేసి టేపు చుట్టేసే పద్ధతి మన ఊళ్లో ఇంకా ఉంది. పని చౌక, వాన పడేదాకా బాగానే ఉంటుంది. నేను పార్కింగ్ వైరుకు అతుకు పెట్టి, పైన వేడికి ముడుచుకునే స్లీవు వేశాను.

నవంబరు, చూడటం, వానలు

బామ్మర్దిని రోడ్డు దిగి దూరంగా నిలబెట్టి, ఒకసారి లైటుతో, ఒకసారి లేకుండా అదే దారిన వచ్చాను. మిట్టమధ్యాహ్నం బయలు చోట పెద్ద తేడా ఏమీ లేదన్నాడు. అది నిజమే, దాచడానికేముంది. చెట్ల కింద మాత్రం ముందు రెండు చుక్కలు, ఆ తర్వాతే కారు కనిపించిందట. సాయంత్రం ఎండ నా వెనక నుంచి పడుతున్నప్పుడు తేడా ఇంకా ఎక్కువ. ఎండ నా ముందు నుంచి పడితే లైటున్నా లేనట్టే.

ఇండికేటర్ కూడా చూడమన్నాను. డీఆర్ఎల్‌కు ఆనుకుని ఇండికేటర్ ఉంటే ఆ వెలుగులో మినుకు తెలియదు. అందుకే కొన్ని కొత్త కార్లలో ఇండికేటర్ వేసిన వైపు డీఆర్ఎల్ మసకబారుతుంది. నా కారులో ఇండికేటర్ పైన హెడ్‌లైటు పెట్టెలో, ఇది కింద బంపర్‌లో. ఇబ్బంది లేదు.

వానలు మొదలయ్యాక కుడి లెన్సు లోపల ఆవిరి పట్టింది. వైరు బయటికొచ్చే చోట సీలు వదులు. సిలికాన్ పెట్టాను. అడుగున ఉండే చిన్న రంధ్రం మూయకండి, లోపలి తేమ పోయేది అందులోంచే.

వానలో డీఆర్ఎల్‌ను నమ్ముకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ముందు బాగానే కనిపిస్తాం, వెనక ఏమీ వెలగదు. వెనకొచ్చే లారీకి మనం లేనట్టే. వైపర్ వేస్తే హెడ్‌లైటు కూడా వేయాలని నేను చేతికి అలవాటు చేసుకున్నా. నా పాత కారులో ఒక సౌకర్యం ఉంది, పార్కింగ్ లైటు వేస్తేనే మీటర్ల వెనక వెలుగొస్తుంది, మరిచిపోతే చీకట్లో స్పీడు కనపడదు. కొత్త కార్లలో మీటర్లు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, ముందు డీఆర్ఎల్ వెలుగు. డ్రైవరు లైట్లు వేశాననే అనుకుంటాడు. పొద్దుగూకాక బైపాస్ మీద ముందు ధగధగ, వెనక అంధకారంగా పోయే కార్లు రోజూ కనిపిస్తాయి.

జనం సంగతికొస్తే, 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు ఎప్పుడూ వెలిగే హెడ్‌లైటు వచ్చినప్పుడు ఎదురొచ్చే ప్రతివాడూ చెయ్యెత్తి గుప్పిట మూసి తెరిచి "లైటు ఆర్పు" అని సైగ చేసేవాడు గుర్తుందా? నాకిప్పుడు అదే మర్యాద జరుగుతోంది. పెట్రోలు బంకులో కుర్రాడు పైపు పెట్టకముందే "అన్నా, లైటు ఎలగతా ఉండాది" అంటాడు. ఒక రకంగా అది నా పరీక్ష ఫలితమే. చూసినందుకే కదా చెప్పేది.

డిసెంబరు, మిగిలిన పని

ఎడమ బ్రాకెట్ గతుకుల్లో అదురుతోంది, రబ్బరు వాషరు వేయాలి. మే నెల ఎండకు ఈ ఎల్ఈడీలు ఎంత నిలుస్తాయో అప్పుడు రాస్తాను.

మా పక్కింటి పెద్దాయన మామిడి సీజన్‌లో పికప్ వేసుకుని తెల్లారకముందే దామలచెరువు మండీకి పోతాడు. నిన్న వచ్చి కారు ముందు నిలబడి అటూ ఇటూ చూశాడు. "నాయనా, నా బండికీ ఒక జత తగిలించరాదా?" అన్నాడు. పికప్ వెనక్కి పోయి చూస్తే ఒక టెయిల్ లైటు లేనే లేదు, రెండోది మట్టి కొట్టుకుపోయి ఉంది. ముందు అవి బాగుచేసుకుందాం పెద్దాయనా, అన్నాను. ఆదివారం బల్బులు తెస్తానన్నాడు.