గొర్రెల కాపరి ఆకాశంలో ఉండేవాడు

ఫ్రాన్స్‌లో నాకు భలే ఇష్టమైన ప్రాంతం లాండ్. బోర్దోకి దక్షిణంగా, అట్లాంటిక్ ఒడ్డున ఉంటది. ఇప్పుడు మ్యాప్‌లో చూస్తే దాదాపు 10 లక్షల హెక్టార్ల పైన్ అడవి, అంతా పచ్చగా, ఎప్పట్నుంచో అట్లాగే ఉందేమో అనిపిస్తది. కానీ 1850ల దాకా అక్కడ చాలామటుకు చెట్టూ లేదు గుట్టా లేదు, ఉత్త చిత్తడి నేల. పైన ఇసుక, దాని కింద అలియోస్ అనే గట్టి పొర, అది నీళ్ళని దిగనివ్వదు, అందుకే చలికాలమంతా నీళ్ళే, ఎండాకాలం వస్తే ఎడారే.

మరి ఆ నీళ్ళలో గొర్రెలు కాసేదెట్లా? కాపర్లు కాళ్ళకి పొడుగు కర్రలు కట్టేసుకున్నారు! కాళ్ళు తడవవు, గొర్రె ఎటు పోయినా పైనుంచి కనబడుద్ది, అంగలు పెద్దవి కాబట్టి నడక కూడా స్పీడే. ఇంకో కర్ర వెనకాల ఆనించుకుని మూడుకాళ్ళ పీటలా నిలబడి, మేజోళ్ళు అల్లుకునేవాళ్ళంట. ఊహించుకోండి, కింద గొర్రెలు, పైన గాల్లో మీసాలాయన ఊలు అల్లుతుంటాడు. నాకైతే తల్చుకున్నప్పుడల్లా నవ్వొస్తది, వాళ్ళ తెలివికి దండం పెట్టాలనిపిస్తది కూడా. ఇంతా చేసి ఆ గొర్రెల్ని పెంచింది ముఖ్యంగా ఎరువు కోసం, ఆ ఇసుకలో రై అనే ధాన్యం పండాలంటే పెంట పడాల్సిందే మరి.

ఆ ప్రాంతపు సిల్వాఁ దోర్నోఁ అనే ఆయన 1889లో కర్రకాళ్ళ మీదే ఈఫిల్ టవర్ రెండో అంతస్తు దాకా ఎక్కాడు, అది చాలనట్టు 1891లో పారిస్ నుంచి మాస్కోకి అట్లాగే నడిచి వెళ్ళాడు, 58 రోజుల్లో!

ఇదంతా మారింది 1857లో. అప్పటి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ ప్రభుత్వం చట్టం తెచ్చి ఊళ్ళ ఉమ్మడి భూముల్లో నీళ్ళు బయటికి పోయేలా చేసి పైన్ నాటించింది. జిగురు, కలప, టర్పెంటైన్‌తో డబ్బులొచ్చాయి నిజమే, కానీ మేత పోయి కాపర్లు దెబ్బతిన్నారు, నాకది అన్యాయంగానే అనిపిస్తది.

ఒడ్డున పిలా ఇసుక దిబ్బ మాత్రం ఎవరి మాటా వినలేదు. 100 మీటర్ల ఎత్తు, యూరప్‌లో అదే పెద్దది, ఏటా కొన్ని మీటర్లు లోపలికి జరుగుతూ ఆ పైన్ చెట్లనే మింగేస్తోంది. బోర్దో దాకా వెళ్ళేవాళ్ళు తప్పకుండా ఎక్కండి, ఇటు సముద్రం అటు అడవి రెండూ కనబడతాయి.