సెంట్రల్ కప్పు నుంచి అంబత్తూరు షెడ్డు దాకా

కింద రైలూ పైన రోడ్డూ సాగే 1974 నాటి గోదావరి వంతెనను చూస్తూ పెరిగిన రాజమండ్రి డిప్లొమా విద్యార్థులు ఆరుగురిని వెంటబెట్టుకుని కిందటి డిసెంబరులో చెన్నై వెళ్ళాను. సెంట్రల్‌లో దిగగానే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి, తలపైని రేకుల కప్పును మోస్తున్న ఉక్కు ట్రస్సును, అంటే కడ్డీలను త్రికోణాలుగా కలిపిన చట్రాన్ని, బాగా సులువు చేసి ఒక త్రికోణంగా గీయించాను: వాలు 30 డిగ్రీలు, శిఖరం మీద 10 కిలోన్యూటన్ల బరువు, శిఖరం నుంచి అడుగు కడ్డీ మధ్యకు దిగే ఒక నిలువు కడ్డీ. రెండు ఆధారాలూ చెరో 5 కిలోన్యూటన్లు మోస్తాయి. చివరి కీలు (కడ్డీలు కలిసే చోటు) దగ్గర నిలువు బలాలు సరిపోవాలంటే వాలు కడ్డీలో 10 కిలోన్యూటన్ల సంపీడనం (నొక్కుడు), అడ్డ బలాలు సరిపోవాలంటే అడుగు కడ్డీలో 8.66 కిలోన్యూటన్ల తన్యత (లాగుడు) ఉండాలి. అడుగున మధ్య కీలుకు బయటి బరువేదీ తగలదు కనుక నిలువు కడ్డీలో బలం సున్నా.

"బలమే లేనప్పుడు దాన్ని తీసేయొచ్చు కదండీ, మాస్టారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. ఎంతో విలువైన ప్రశ్న అది. మేము కడ్డీల సొంత బరువును పక్కన పెట్టాం, గాలిని అసలు తలచుకోలేదు. జవాబు చెప్పకుండా లోకల్ రైలెక్కించి, అంబత్తూరులో మా బావమరిది నడిపే లేత్ షాపుకు తీసుకువెళ్ళాను.

2016 డిసెంబరు 12న వర్దా తుఫాను నగరాన్ని తాకినప్పుడు ఆ షెడ్డు ట్రస్సులలో నిలువు కడ్డీలు లేవు. అప్పుడు వంగిపోయిన అడుగు కడ్డీ, L ఆకారపు ఉక్కు యాంగిల్ ఒకటి, ఇప్పటికీ గోడవార ఉంది. "రేకు ఒక్కటీ ఎగరలేదు బావా, వంగింది ఇదే" అని మా బావమరిది చూపించాడు. వాలు కప్పు మీదుగా ఉధృతంగా వీచే గాలి కప్పును పైకి లాగుతుంది. ఆ లాగుడు కప్పు బరువును మించిన క్షణంలో బలాల దిశ తిరగబడి, అంతవరకూ సాగుతున్న అడుగు కడ్డీ నొక్కుడుకు లోనవుతుంది. లాగితే సన్నని కడ్డీ అయినా తిన్నగా నిలుస్తుంది, నొక్కితే మాత్రం పక్కకు వంగుతుంది. నిలువు కడ్డీ మధ్యలో పట్టి ఉంచితే ట్రస్సు తలంలో, అంటే పైకీ కిందికీ వంగే దిశలో, ఊతం లేని పొడవు సగమవుతుంది. నొక్కుడుకు కడ్డీ ఎప్పుడు వంగుతుందో చెప్పే ఆయిలర్ సూత్రం ప్రకారం ఆ దిశలో వంగకుండా తట్టుకునే బలం 4 రెట్లవుతుంది.

ఆ అమ్మాయి బాణపు గుర్తులన్నిటినీ తిప్పి గీసి, "తలంలో సరేనండీ, అడ్డంగా గోడవైపు వంగితే?" అంది. మా బావమరిది నిచ్చెన వేసి, మరమ్మతులో ఒక ట్రస్సు అడుగు కడ్డీ నుంచి పక్క ట్రస్సుకు బిగించిన పొడవాటి కమ్మీలను చూపించాడు.